ముల్లు తెలియని పాదము

ధవళేశ్వరమున గోదావరి నుండి విడివడిన కాలువ వెంట దిగువకు వచ్చు బాటసారికి వేమగిరి, కడియము, కడియపులంక, బుర్రిలంక అను గ్రామములు వేరువేరు ఊళ్ళుగాగాక, ఎవరో ఒకే చేతితో నాటిన మహోద్యానముగా కన్పట్టును. తెల్లవారకమునుపే పూలసంతలో బంతి, చామంతి, కనకాంబరముల గంపలు దిగును. ప్రొద్దెక్కునప్పటికి నర్సరీలలో స్త్రీలు నల్లని సంచులలో మట్టియు ఎరువును నింపుచు, అంట్లు కట్టుచు, వంచిన నడుము ఎత్తకుండ పనిలో మునిగియుందురు. సాయంకాలమగుసరికి మొక్కల నెక్కించుకొన్న లారీలు దేశము నలుమూలలకు బయలుదేరును. ఈ తోటలలో గులాబీలకును మందారములకును నడుమ, కొన్ని యేండ్లుగా ఒక మొక్క తన చోటు సంపాదించుకొన్నది. సుళ్ళు తిరిగిన కాండము, నిగనిగలాడు వెడల్పాటి ఆకులు. దానిని అందరును "ఇన్సులిన్ మొక్క" అందురు. "అమ్మకి షుగరండీ. రోజూ పరగడుపున ఓ ఆకు నమిలితే తగ్గుద్దంట కదండీ?" అని అడిగి, ఏ కొడుకో ఆ కుండీని బండి ముందు జాగ్రత్తగా పెట్టుకొని పోవుట ఇచట నిత్యము జరుగు విషయము.

ఆ కుమారుని హృదయములోని ప్రేమను శంకించుటకు నాకు నోరు రాదు. అయినను నిజము చెప్పక తప్పదు: బ్రెజిలు దేశమున పుట్టి మన తోటలకు చేరిన ఆ మొక్కకు ఇన్సులినుతో గల చుట్టరికము పేరు మాత్రమే. ఎలుకలమీద జరిపిన కొన్ని పరిశోధనలలో దాని ఆకు రక్తమందలి చక్కెరను కొంత తగ్గించినట్లు కనబడిన మాట వాస్తవమే. కాని వైద్యుడిచ్చిన బిళ్ళను మాని ఈ ఆకును నమ్ముకొనదగినంత ఋజువు మనుష్యుల విషయమున లభింపలేదు. ఇన్సులిను 51 ఎమినో ఆమ్లములతో కూర్పబడిన మాంసకృత్తు. నోట వేసికొన్నచో కందిపప్పులోని మాంసకృత్తు వలెనే అదియు కడుపులో జీర్ణమైపోవును గనుకనే దానిని సూదిమందుగా ఎక్కించుచున్నారు. మొక్కలను తక్కువ చేయుట నా యభిమతము గాదు. నేడు మధుమేహులలో అత్యధికులు ప్రతిదినము మ్రింగు మెట్‌ఫార్మిన్ బిళ్ళకు మూలము, ఐరోపా ఖండపు పచ్చికబయళ్ళలో పెరుగు గలేగా అను ఒక మొక్కయే. అందలి సారము విషపూరితమని తెలిసికొని, దానికి దగ్గరిదై హాని తక్కువగు పదార్థమును రసాయనశాలలో నిర్మించి, పరీక్షించి, దశాబ్దములు గడచిన పిమ్మట గాని, 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని మధుమేహులకు ఇచ్చి ఫలితములను ప్రకటింపలేదు. ఆకునకును ఔషధమునకును నడుమ ఉన్న దూరము అంతటిది. మెంతులు, కాకరకాయ భోజనములో భాగముగా తినుటకు మంచివే. పొడపత్రి నమిలినవారి నాలుకకు కొంతసేపు బెల్లము మట్టివలె తోచుటయు నిజమే. ఇవి ఏవియు బిళ్ళకు బదులు కావు. బిళ్ళలతోపాటు వాడదలచినవారు ఆ సంగతి వైద్యునికి చెప్పితీరవలెను.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఇంతయే. మధుమేహి యింట ప్రేమకు కొరత లేదు. ఆ ప్రేమ ఏ పనిలోనికి దిగవలెనో తెలియక, ఒకప్పుడు మొక్కలవెంటను, ఒకప్పుడు మిఠాయిలవెంటను, ఒకప్పుడు మందలింపులవెంటను పోవుచున్నది.

ఈ వ్యాధిని మన ప్రాచీనులు ఎరుగనివారు కారు. రోగి మూత్రమునకు చీమలు చేరుటను గమనించి మధుమేహమని పేరిడినవారు వారే. పుట్టుకతో వచ్చు ప్రమేహము వేరు, అపథ్యమువలన వచ్చునది వేరు అని సుశ్రుతుడు విభజించి, మొదటివాడు కృశించియు రెండవవాడు స్థూలించియు ఉండునని చెప్పెను. చెప్పులును గొడుగును లేక నూరు యోజనములు నడువుమని, బావులు త్రవ్వుమని చికిత్స విధించెను. నేటి వైద్యులు ఒకటవ రకము, రెండవ రకము అని చేయు విభాగమునకు సుశ్రుతుని విభజన ఎంత సమీపముగా ఉన్నదో చూచిన ఆశ్చర్యము కలుగును.

డెల్టావాసులకు ఈ వ్యాధి తత్త్వము బోధపరచుటకు వేరు ఉపమానము వెదకనక్కరలేదు. కాలువ నిండుగ పారుచునే యుండును; కాని లస్కరు వచ్చి తూము ఎత్తనిదే బోదెలోనికి నీరు దిగదు, చేను తడవదు. తిన్న అన్నము గ్లూకోజుగా మారి రక్తమున పారుచుండగా, కండరముల తూములెత్తు లస్కరు ఇన్సులిను. ఒకటవ రకపు మధుమేహమున లస్కరే లేడు. క్లోమమునందలి ఇన్సులిను కణములు నశించినవి. రెండవ రకమున లస్కరు ఉన్నాడు, తూము తలుపు తుప్పుపట్టినది. ఎంత లాగినను చాలినంత లేవదు, లాగిలాగి కొన్నాళ్ళకు అతడును అలసిపోవును. కాలువ పొంగిపొరలుచుండగా చేను బీటలువారుటయే మధుమేహము. రోగికి అంత ఆకలి, అంత దాహము, అంత నీరసము కలుగుటకు కారణమిది. లోనికి పోయిన గ్లూకోజు ఏ రూపమున కండరమునకు శక్తినిచ్చునో వెలికితీసిన మహనీయులలో ఒకరు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అని గుర్తుచేసికొనుట గోదావరి జిల్లాలవారికి గర్వకారణము. మామగారు ధనసహాయము చేసి చదివింపకున్నచో ఆయన అమెరికాకు పోవుట యెట్లుండెడిదో! అయినవారి అండ ఎంతదూరము పోగలదో చెప్పుటకు ఆ జీవితమొక్కటి చాలును.

పరగడుపున డెసిలీటరు రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నను, మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతము గాని అంతకు మించి గాని వచ్చినను, దానిని మరల పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. భారత వైద్య పరిశోధన మండలి చేయించిన అధ్యయన ఫలితములు 2023లో వెలువడగా, దేశమున 10.1 కోట్లమందికి మధుమేహము, మరి 13.6 కోట్లమందికి దాని పూర్వావస్థ ఉన్నట్లు తేలినది. ఇంతమందిని వైద్యుడొక్కడే కాపాడలేడు. ఆయన రెండు మూడు నెలలకొకసారి కొన్ని నిమిషములు చూచి చీటి వ్రాసి పంపును. తక్కిన కాలమంతయు రోగికి వంటయింటిలోను, పడకయింటిలోను, పనిచేయు తోటలోను గడచును. ఈ జబ్బున చికిత్సలో పెద్దపాలు జరుగునది ఇంటిలోనే.

ఒక నూరేండ్ల వెనుకటి తల్లిదండ్రుల స్థితి తలచుకొన్నచో నేటివారి భాగ్యము తెలియును. ఇన్సులిను లేని ఆ కాలమున ఒకటవ రకపు మధుమేహము వచ్చిన పిల్లలకు అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ అలెన్ విధించిన చికిత్స ఉపవాసమే. బిడ్డ ఆకలితో ఏడ్చుచుండగా అన్నము దాచిపెట్టుటయే తల్లి చేయవలసిన శుశ్రూష. అట్లు చేసినను బిడ్డ దక్కునది కొన్ని నెలలో, ఒకటి రెండేండ్లో. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను ఇద్దరు క్లోమమునుండి సారమును తీసిరి. 1922 జనవరి 11న దానిని మొదటిసారి పొందిన లెనార్డ్ థాంప్సన్ వయస్సు 14 ఏండ్లు. బరువు 30 కిలోలకు లోపు. కన్నతండ్రి ఎంత తెగింపుతో ఒప్పుకొనియుండవలెను! ఆ మొదటి మందు సరిగా పనిచేయలేదు. కాలిప్ అను రసాయనికుడు దానిని శుద్ధిచేసి యీయగా, పండ్రెండు దినములకు మరల ఎక్కించిన సూది ఫలించినది. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించెను. 1923లో బాంటింగునకు, ఆ ప్రయోగశాలాధిపతి మెక్లియోడునకు నోబెల్ బహుమానము వచ్చినది. బాంటింగు జన్మదినమైన నవంబరు 14ను లోకమంతయు మధుమేహదినముగా జరుపుకొనుచున్నది.

అన్నము దాచిపెట్టుట ఆనాటి తల్లికి వచ్చిన పరీక్ష. మన గోదావరి సీమలో పరీక్ష వేరు. ఇచట ప్రేమ యనిన పెట్టుటయే. లంకల గన్నవరమున ఏ వేళ ఎవరు వచ్చినను ఆకువేసి అన్నము పెట్టి అపర అన్నపూర్ణ యనిపించుకొన్న డొక్కా సీతమ్మగారు పుట్టిన సీమ యిది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తిచేయించిన నాటినుండి వరిచేలకు నీటికొదవ తీరినది, ఇంటింట అన్నపురాశి. కాని ఆ యన్నము తిన్న తాతలు దమ్ముచేసిరి, కావళ్ళు మోసిరి, దంపుడు బియ్యము వండుకొనిరి. మనుమలు అంతే అన్నమును, మరలో తెల్లగా పాలిషు పట్టినదానిని తిని, ప్రక్కవీధికి పోవుటకును మోటారుసైకిలెక్కుచున్నారు. దానికి తోడు తాపేశ్వరము మడతకాజా, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురపు పూతరేకు, సంక్రాంతికి అరిసెలు. పంక్తిలో కూర్చున్న మధుమేహి విస్తరిపై చేయి అడ్డము పెట్టినను, "మా యింట్లో అంత మొహమాటమేంటండీ, ఒక్క కాజా తింటే ఏమైపోద్దండీ?" అని చేతిసందులోనుండి వడ్డించువారు ఆతని శత్రువులు కారు. ఆతనిని ప్రాణముగా చూచుకొను వియ్యాలవారు, తోబుట్టువులు, మేనకోడండ్రు. వద్దనిన వారి మనస్సు నొచ్చుకొనునేమో యని తినువాడు తినును. ఆ రాత్రి చక్కెర మూడువందలు దాటును. మధుమేహి "చాలండీ" అనిన వెంటనే గరిటె వెనుకకు తీసికొనుట కూడ మర్యాదలో భాగమైనప్పుడు గదా మన సీమ ఆతిథ్యము పూర్ణమగుట!

ఇంటిలోనివారు చేయు పొరపాటు దీనికి విరుద్ధమైనది. షుగరు బయటపడిన మరునాటినుండి ఆ మనిషికి వేరు గిన్నె, వేరు కూర, వేరు నీతిబోధ మొదలగును. తక్కినవారు ఆవకాయ అన్నము కలుపుకొని వాసనలు వెదజల్లుచుండగా, ఆయనకు మాత్రము మూలనొక పుల్కా. డబ్బా మూత చప్పుడైన చాలు, "మళ్ళీ తిన్నారా? డాక్టరుగారు ఏమన్నారో గుర్తుందా?" అని ప్రశ్నలు. ఇట్లు కాపలాకాయు ఇంటిలో రోగి దొంగయగును. మిఠాయి పూలసంతలో తినివచ్చును, పరీక్ష కాగితము జేబులో దాచును, తప్పిన మాత్రల సంగతి చెప్పడు. నా దృష్టిలో దీనికి సరియైన మార్గము ఒక్కటే: అందరికిని ఒకే వంట. అన్నము సగము తగ్గించి, ఆ చోట ఆకుకూర, బీరకాయ, చిక్కుడు వంటి కూరలను రెట్టించి, పప్పో గ్రుడ్డో చేపయో చేర్చి, అందరును అదే తినవలెను. ఇది త్యాగమని ఎవరును భావింపనక్కరలేదు. తల్లిదండ్రులకు మధుమేహమున్న పిల్లలకు ఆ వ్యాధి వచ్చు అవకాశము హెచ్చు గనుక, నాన్నగారి పథ్యము కొడుకునకు రక్షయే. భోజనానంతరము పది పదునైదు నిమిషములు కాలువగట్టున నడచినచో కండరములు చక్కెరను పీల్చుకొనును. "నడవండి" అని మంచముమీదనుండి చెప్పుటకంటె, "రండి, అలా నడిచొద్దాం" అని చెప్పులు తొడుగుకొన్న భార్య మాటకు బలము హెచ్చు.

చక్కెర పెరుగుట నెమ్మదిగా చెరచును. పడిపోవుట నిమిషములలో ముంచును. ఇన్సులిను గాని, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గాని వాడుచు భోజనము తప్పినవారికి చక్కెర 70కి దిగువకు జారి, చేతులు వణకును, చెమటలు పోయును, గుండె దడదడలాడును, మాట తడబడును. త్రాగివచ్చినాడని పొరబడినవారును కలరు. ఈ సంగతి ఇంటిలో పదేండ్ల పిల్లకును తెలిసియుండవలెను. స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, పదునైదు నిమిషములకు మరల చూచి, తగ్గకున్న ఇంకొకసారి ఇచ్చి, పిమ్మట భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు; 108కి ఫోను చేయవలెను. కార్తికమాసమున ఈ ప్రమాదము హెచ్చు. తెల్లవారుజామున గోదావరిలో మునిగి, సోమవారము నక్షత్రదర్శనమగువరకు పచ్చిమంచినీరైన ముట్టక, ఉదయపు బిళ్ళ మాత్రము అలవాటుగా వేసికొను ఇల్లాండ్రు ఎందరో! నెల ముందుగా వైద్యునితో మాటాడి మందు వేళలు మార్పించుకొనుట, లేదా ఆ యుపవాసమును విడుచుట ఏ దేవునికిని అపచారము గాదు. ఆ మాట ఆమెకు చెప్పవలసినవారు భర్తయు పిల్లలును.

ఇల్లాలి ప్రసక్తి వచ్చినది గనుక మనస్సును బాధించు విషయమొకటి చెప్పెదను. భర్తకు షుగరు వచ్చినచో, ఏ బిళ్ళ అన్నమునకు ముందో ఏది తరువాతనో భార్యకు కంఠస్థమై యుండును. ఆయన పరీక్షకు ఏ తేదీన పోవలెనో గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టునది ఆమెయే. ఆ వ్యాధియే ఆమెకు వచ్చినచో, ఆమె బిళ్ళ పేరు చెప్పగల మగవాడు ఆ యింట ఉండుట అరుదు. మిగిలిన అన్నము పారవేయలేక తాను తినును. తన మందులు అయిపోయిన సంగతి జీతాలరోజు వరకు చెప్పదు. పరీక్షకు "వచ్చే వారం చూద్దాంలెండి" అనును. గర్భిణిగా ఉండగా చక్కెర పెరిగిన స్త్రీకి తరువాతి యేండ్లలో మధుమేహము వచ్చు అవకాశము హెచ్చని తెలిసికూడ, కానుపైన తరువాత ఆమెను మరల పరీక్షకు తీసికొనిపోవు ఇండ్లు ఎన్ని? 2010లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా చేయుచున్నారు. జనౌషధి దుకాణములలో మెట్‌ఫార్మిన్ కారుచౌకగా దొరకుచున్నది. కావలసినది ఆమెతో కూడ పోవు మనిషి.

ఒకటవ రకపు మధుమేహమున్న పిల్లలను గురించి ఒక్కమాట. వారికి ఇన్సులిను జీవితాంతము అవసరము. ఒక్కపూట మాన్పించినను ప్రాణాపాయము రావచ్చును. వాడుకలో ఉన్న సీసా ముప్పది డిగ్రీల వేడిమి దాటనిచో సుమారు నాలుగు వారములు నిలుచును గాని, రోహిణికార్తెలో మన యిండ్లు అంతకు ఎంతో మించి కాగును. ఫ్రిజ్జు లేనివారు పెద్దకుండలో తడియిసుక పోసి, అందులో చిన్నకుండ నుంచి, సీసాను దానిలో నుంచినచో చల్లదనము నిలుచును. గడ్డకట్టు అరలో మాత్రము ఎన్నడును పెట్టరాదు. ఆడపిల్లయైనచో పెండ్లి కాదను భయముచే తల్లిదండ్రులు జబ్బును బడిలోను చుట్టములలోను దాచుట కలదు. బడిలో చక్కెర పడిపోయిననాడు ఏమి చేయవలెనో ఎరుగని ఉపాధ్యాయుల నడుమ ఆ పిల్ల ఒంటరియగును. దాచకుడు.

ఇక తోటలోనికి మరల పోవుదము. గులాబీకి ముల్లున్నది, బోగన్‌విల్లాకు అంతకంటె పెద్ద ముల్లున్నది. నర్సరీలో దినమెల్ల తడిమట్టిలో వట్టికాళ్ళతో నిలిచి పనిచేయు స్త్రీకి పదేండ్లుగా షుగరున్నదనుకొందము. ఎక్కువైన చక్కెర ఆమె పాదముల నరములను మొద్దుబరచినది. మొదట తిమ్మిరులు, తరువాత మంటలు, ఆ తరువాత ఏమియు లేదు. నొప్పి పోయినదని ఆమె సంతోషించినది. ఆ దశలోనే ముల్లు దిగును. దిగినట్లు ఆమెకు తెలియదు. సాయంత్రము కాళ్ళు కడుగుకొనునప్పుడు మట్టితోపాటు సన్నని రక్తపుచార పోవును, చీకటిలో కనబడదు. వేళ్ళసందులు నీటిలో నాని పాచియుండుటచే పుండు త్వరగా చీము పట్టును. రక్తప్రసారము మందగించియుండుటచే త్వరగా మానదు. వారము పది దినములకు చెప్పు తడిసి, వాసన వచ్చి, ఇంటివారు చూచునప్పటికి వ్రేలు నల్లబడియుండును. రాజమహేంద్రవరపు ఆసుపత్రికి పోవుసరికి, వ్రేలు తీయుటయా, పాదము తీయుటయా అను ప్రశ్న మిగులును. ఒక ముల్లు మొదటి దినముననే ఎవరైన చూచియున్నచో ఇంత జరుగదు.

తన అరికాలు తాను చూచుకొనుట, నడుము వంగని, చూపు మందగించిన మధుమేహికి సాధ్యము గాదు. అందుకే ఈ పని అయినవారిది. ఇంగ్లండులోని ఇప్స్విచ్ పట్టణపు వైద్యులు ఇంటిలోనివారు చేయదగిన ఒక పరీక్షను 2011లో ప్రకటించిరి. దానికి పరికరమేదియు అక్కరలేదు. రోగిని కన్నులు మూసికొనుమని, రెండు పాదములకును బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు, ఈ ఆరింటి కొనలను ఒక్కొక్కటిగా చూపుడువ్రేలితో ఒకటి రెండు క్షణములు మెల్లగా తాకవలెను, నొక్కరాదు, గిల్లరాదు. తాకినప్పుడెల్ల చెప్పుమనవలెను. ఆరింట రెండుగాని అంతకు మించిగాని తెలియకున్నచో ఆ పాదములకు కాపు అవసరమని గ్రహించి వైద్యునికి చూపవలెను. అట్టివారు ఇంటిలోను, తోటలోను, గుడి ప్రదక్షిణమున ఎండకు కాగిన బండలమీదను వట్టికాళ్ళతో నడువరాదు. వేడినీటిలో కాలు పెట్టుటకు ముందు మరియొకరు చేతితో చూడవలెను. ఆనెలను బ్లేడుతో కోసికొనరాదు. తోటపనికి ముల్లు దిగని బూట్లు కావలెను. వానిని కొనియిచ్చుట నర్సరీ యజమానుల కర్తవ్యమని నా దృఢాభిప్రాయము. ఒక లారీ మొక్కల ధరలో అది ఎంతపాటి సొమ్ము?

పాఠకులారా, మీ యింట షుగరున్నవారు ఎవరైన ఉన్నచో ఈ రాత్రి భోజనములైన తరువాత దీపమునొద్ద వారిని కూర్చుండబెట్టి, కాళ్ళు మీ ఒడిలో పెట్టుకొని, వ్రేళ్ళసందులు విడదీసి, అరికాలు, మడమ నెమ్మదిగా చూడుడు. "నా కాళ్ళు నువ్వు పట్టుకోవడమేంట్రా" అని అమ్మ వెనుకకు లాగికొనును. విడువకుడు.